గోడకు బిగించిన హీటరుకు నెల అద్దె వద్దు: ముషైరిబ్ అద్దెదారుల వినతిపత్రం

దోహా,
నవంబర్ 2025

గౌరవనీయులైన భవన నిర్వహణ మేనేజర్ గారికి,

పాత ముషైరిబ్‌లో మీ కంపెనీ చూసుకుంటున్న భవనంలోని అద్దెదారులం నమస్కరించి రాసుకుంటున్న వినతిపత్రం.

విషయం: బాత్రూం వాటర్ హీటర్లకు జనవరి నుంచి నెలకు 35 రియాళ్లు వసూలు చేస్తామన్న నోటీసును వెనక్కి తీసుకోవడం, పాడైన హీటర్లను యజమాని ఖర్చుతోనే మార్చడం గురించి.

అయ్యా,

కంపెనీకి ఇవ్వాల్సిన ప్రతులు అరబిక్‌లో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి వేరుగా జత చేశాం. వాటిలో మా కోరికలు మాత్రమే ఉన్నాయి. మీరు మన భాష చదివేవారు కాబట్టి ఆ కోరికల వెనక ఉన్న లెక్క, బాధ రెండూ మీకు తెలియాలని ఈ కాగితం తెలుగులో రాస్తున్నాం. ఈ భవనంలోని 32 ఫ్లాట్లలో మనవాళ్లు సగానికి తక్కువే. మలయాళీలు, నేపాలీలు, బంగ్లాదేశ్ వాళ్లు ఇంగ్లిష్ ప్రతి మీద సంతకాలు పెట్టారు. కాబట్టి దీన్ని నలుగురు తెలుగువాళ్ల సణుగుడుగా పక్కన పెట్టవద్దని మొదటే మనవి.

లిఫ్టు పక్కన మీరు అంటించిన నోటీసులో మాకు రెండు దారులు చూపించారు. కంపెనీ కొత్త 50 లీటర్ల హీటరు బిగిస్తే నెలకు 35 రియాళ్ల అద్దె కట్టాలి. అది వద్దనుకుంటే మేమే హీటరు కొనుక్కుని, మీరు ఒప్పుకున్న ప్లంబరుతో మా ఖర్చు మీద బిగించుకోవాలి. ఆ రెండో దారి కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: ఖాళీ చేసేటప్పుడు గోడకు బిగించిన ఏ వస్తువునూ తీసుకెళ్లకూడదు. అంటే అద్దెకు తీసుకుంటే ఎప్పటికీ మాది కాదు, కొనుక్కున్నా చివరికి మాది కాదు. ఇన్నాళ్లూ ఇంటి అద్దెలోనే కలిసి ఉన్న వస్తువును బయటికి తీసి, దాని మీద రెండోసారి డబ్బు అడగడానికి ఇవి రెండు పద్ధతులు, అంతే.

అద్దెకా, కొనడమా అన్న ప్రశ్న తప్పని కాదు మేం అనేది. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు మారేటప్పుడు గీజరు ఊడదీసుకుని ఆటోలో వేసుకుపోయినవాళ్లు మాలో ఉన్నారు. అక్కడ అది చెల్లుతుంది. గీజరు అద్దెదారుడిదైతే ప్లంబరుకు నాలుగు వందల రూపాయలిచ్చి ఇంకో ఇంటి గోడకు బిగించుకుంటాడు, యజమానిదైతే అక్కడే వదిలేసి పోతాడు. ఎవరిది ఏదో ఇద్దరికీ తెలుసు. ఇక్కడ మీ నోటీసు ఆ తేడానే చెరిపేసింది.

ముందు డబ్బు లెక్క చూడండి. మామూలు బ్రాండు 50 లీటర్ల హీటరు దోహా మార్కెట్లో నాలుగు వందల రియాళ్ల ప్రాంతంలో దొరుకుతుంది. బిగింపుకు ఇంకో యాభై వేసుకుందాం. 32 ఫ్లాట్లకు కలిపి కంపెనీ పెట్టుబడి 14,400 రియాళ్లు. ఫ్లాటుకు నెలకు 35 చొప్పున ఏడాదికి వచ్చేది 13,440. టోకున కొంటే దుకాణదారు తగ్గించే ధరను కూడా కలుపుకుంటే, మొదటి ఏడాదిలోనే పెట్టుబడి మొత్తం మా జేబుల్లోంచి వెనక్కి వచ్చేస్తుంది. మంచి హీటరు ఆరేడేళ్లయినా పనిచేస్తుంది. ఆ మిగతా ఏళ్ల డబ్బు దేనికి? మరమ్మతులకు అని నోటీసులో ఎక్కడా లేదు. చెడిపోతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారో లేదు. ఎన్నేళ్లు కట్టాక అద్దె ఆగిపోతుందో అసలే లేదు.

ఇక కరెంటు. అది మా పేర్ల మీద ఉన్న కహ్రమా (కరెంటు, నీళ్ల సంస్థ) ఖాతాల్లోంచే పోతుంది, దాని మీద మాకు పేచీ లేదు. జనవరిలో కుళాయి నీళ్లు ఇరవై డిగ్రీల దగ్గర ఉంటాయి. 50 లీటర్లను అరవై డిగ్రీలకు కాచడానికి సుమారు 2.3 యూనిట్లు పడుతుంది. రోజుకు రెండు ట్యాంకులు వాడినా, ఊరికే వేడి నిలబెట్టడానికి పోయే ఒక యూనిట్‌ను కలిపినా, నెలకు 170 యూనిట్లు దాటదు. నివాసాలకు మొదటి 2000 యూనిట్ల దాకా యూనిట్ ధర 0.11 రియాలు. అంటే ఒక ఫ్లాటు మొత్తానికి నెలంతా వేడినీళ్లు కాచే కరెంటుకు 19 రియాళ్లు. కాచే డబ్బాకు మీరు అడుగుతున్న అద్దె 35! ఈ లెక్క వేసిన రాత్రి మా ఫ్లాటులో నలుగురు కుర్రాళ్లు కాలిక్యులేటరు చేతులు మార్చుకుని మళ్లీ మళ్లీ కొట్టి చూశారు. కొట్టిన ప్రతిసారీ అదే వచ్చింది.

పైగా ఇది దోహా. మే నెల వచ్చిందంటే హీటరు స్విచ్ వేసేవాడే ఉండడు. పైకప్పు మీది ట్యాంకు రోజంతా ఎండకు కాగి, రాత్రి పదింటికి కూడా చన్నీళ్ల కుళాయిలోంచి చెయ్యి కాలే నీళ్లొస్తాయి. అక్టోబరు దాకా ఇదే వరస. హీటరు నిజంగా పనిచేసేది డిసెంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా, మహా అయితే నాలుగు నెలలు. అద్దె మాత్రం పన్నెండు నెలలకూ అడిగారు. వాడే నెలల మీద పంచి చూస్తే నెలకు 105 రియాళ్లు పడుతుంది.

నిజం చెప్పాలంటే ఎండాకాలంలోనూ హీటరు పనికొస్తుంది. గల్ఫ్‌లో నాలుగేళ్లున్న ప్రతివాడికీ ఈ కిటుకు తెలుసు. స్విచ్ తీసేస్తే, ఏసీ ఉన్న ఇంట్లో గోడకున్న హీటరు ట్యాంకులో నీళ్లు గది వేడికి చల్లబడతాయి. అప్పుడు వేడినీళ్ల కుళాయి తిప్పితే చల్లటి నీళ్లు, చన్నీళ్ల కుళాయి తిప్పితే కాగిన నీళ్లు. మీరు దీన్ని పట్టుకుని పన్నెండు నెలల అద్దెను సమర్థిస్తారేమో. దయచేసి వద్దు. అప్పుడది 50 లీటర్ల కుండ. కుండకు నెలకు 35 రియాళ్ల అద్దె లోకంలో ఎక్కడా లేదు.

మా ఫ్లాట్లలో వేడినీళ్లు ఎలా పంచుకుంటారో మీరు ఒకసారి తెల్లవారుజామున వచ్చి చూడాలి. ఆరుగురు ఉన్న ఫ్లాటునే తీసుకోండి. హోటల్లో పనిచేసేవారు ఇద్దరు, డ్రైవరు ఒకరు, సూపర్‌మార్కెట్‌లో సరుకు సర్దేవారు ముగ్గురు. నాలుగున్నరకు లేస్తారు. అరవై డిగ్రీల నీళ్లు 50 లీటర్లుంటే, వాటిలో చన్నీళ్లు కలుపుకుంటే స్నానానికి సరిపడా వెచ్చటి నీళ్లు వంద లీటర్లు అవుతాయి. అంటే అయిదు బకెట్లు. ఆరోవాడు ఏం చేయాలి? 1500 వాట్ల హీటరు మళ్లీ కాగడానికి గంటన్నర కావాలి. కంపెనీ బస్సు గంటన్నర ఆగదు. అందుకే ఆరోవాడు బకెట్లో నీళ్లు కాచే రాడ్డు పెడతాడు.

ఈ రాడ్డు గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాం, ఎందుకంటే అసలు భయం ఇక్కడే ఉంది. నిజామాబాద్, జగిత్యాల, రాజంపేట, కోనసీమ, ఎక్కడివాడైనా ఊళ్లో ఈ రాడ్డుతో పెరిగినవాడే. బకెట్టు అంచుకు తగిలించి, స్విచ్ వేసి, ఇంకో పని చూసుకోవడం అలవాటు. ప్లాస్టిక్ బకెట్టు కరుగుతుంది. నీళ్లు తగ్గితే రాడ్డు ఎర్రగా కాలుతుంది. స్విచ్ తీయకుండా నీళ్లలో వేలు పెట్టి కాగాయా లేదా అని చూడటం ఇంకో అలవాటు. ఇక్కడి కరెంటు 240 వోల్టులు. పాత భవనంలో ఎర్త్ సరిగా లేకపోయినా, లీకేజీ అయితే వెంటనే పడిపోయే బ్రేకరు లేకపోయినా, ఆ వేలే చివరిది కావచ్చు. హీటరు అద్దె భారమై హీటరే వద్దన్న ఫ్లాట్లన్నీ రేపు ఈ రాడ్డుల మీదే బతుకుతాయి. మీ నోటీసు రాసినవాళ్లు ఆదాయం లెక్క వేశారు గానీ ఈ లెక్క వేసినట్టు లేదు.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లను మాత్రం ఈ లెక్కలోంచి తీసేయండి. వాళ్లు నలభై ఒక్క రోజులూ చన్నీళ్లే పోసుకుంటారు, మీ హీటరుతో వాళ్లకు పనిలేదు. మిగతావాళ్లకు, ముఖ్యంగా బాలింతలు, పసిపిల్లలు ఉన్న ఫ్లాట్లకు, జనవరిలో భోగినాడు తలంటు పోసుకునే పిల్లలకు, వేడినీళ్లు విలాసం కాదు.

చట్టం సంగతి మీకు మాకంటే బాగా తెలుసు. ఖతర్‌లో అద్దెలకు సంబంధించి 2008 నాటి 4వ నంబరు చట్టం ఉంది. అద్దెకిచ్చిన ఇంటిని, దాని హంగులను వాడుకోవడానికి వీలుగా అప్పగించాల్సింది, అలాగే నిలబెట్టాల్సింది యజమాని. ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలని, తగవు వస్తే అద్దె వివాదాల పరిష్కార కమిటీ ముందుకు వెళ్లవచ్చని చెప్పేది కూడా ఆ చట్టమే. మేం ఇంట్లో చేరినప్పుడు బాత్రూంలో హీటరు ఉంది. మీరు చేతికిచ్చిన సామాను జాబితాలోనూ ఉంది. ఆ జాబితా మీద మీ స్టాంపు ఉంది, మా సంతకం ఉంది. అది ఇంటి హంగు కాకపోతే జాబితాలోకి ఎందుకెక్కింది?

బయటి దేశాల్లోనూ ఈ తగవు కొత్తది కాదు. ఇంగ్లండులో 1985 నాటి యజమాని–అద్దెదారుల చట్టం 11వ సెక్షన్, ఇల్లు వెచ్చబరిచే ఏర్పాట్లను, నీళ్లు కాచే ఏర్పాట్లను పనిచేసే స్థితిలో ఉంచే బాధ్యత యజమాని నెత్తినే పెట్టింది. ఏడేళ్లలోపు ఒప్పందాలన్నిటికీ అది వర్తిస్తుంది. అద్దెదారు ఒప్పుకున్నాడు కదా అని కాగితంలో రాసి ఆ బాధ్యతను తప్పించుకోవడం కూడా కుదరదు.

మన దేశం మాట మీరు ఎత్తుతారని మాకు తెలుసు, అందుకే మేమే ఎత్తుతున్నాం. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో మరమ్మతుల పట్టిక ఉంది. అందులో గీజరు మరమ్మతులు అద్దెదారు వంతున రాశారు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, వాష్ బేసిన్ల లాంటి చిల్లర పనుల సరసన రాశారు. అంటే థర్మోస్టాట్ పోతే అద్దెదారు మార్చుకోవాలి. దానికి మేం కాదనం, కింద మా ఒప్పుకోలు రాశాం. కానీ గీజరు బాగుచేయించుకోవడం వేరు, గీజరును నెల నెలా అద్దెకు తీసుకోవడం వేరు. అదే పట్టికలో నీళ్ల పైపులు మార్చడం, లోపలి కరెంటు వైరింగు యజమాని వంతున ఉన్నాయి. ఆ పట్టిక మీకు కావాలంటే మొత్తం తీసుకోండి, ఒక్క ముక్క కాదు.

హీటరును అద్దెకిచ్చే వ్యాపారం బాగా ముదిరిన చోటు కెనడాలోని ఒంటారియో. అక్కడ బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో ఇళ్లు కొన్న మనవాళ్ల బంధువులు మాలో ఉన్నారు. సొంత ఇల్లు కొన్నా నీళ్లు కాచే ట్యాంకు మాత్రం చాలాచోట్ల అద్దె కంపెనీదే. ఇల్లు చేతులు మారితే ఆ అద్దె ఒప్పందం కొత్త యజమాని మెడకు చుట్టుకుంటుంది. ఆ పద్ధతిలో ఒక మంచి ఉంది: ట్యాంకు కారితే కంపెనీయే వచ్చి మారుస్తుంది, ఇంటివాడికి పైసా ఖర్చు లేదు. చెడు ఏమిటంటే అద్దెకు అంతం లేదు, బయటపడాలంటే జరిమానా లాంటి రుసుము. ఇంటింటికీ తిరిగి హీటర్లు అంటగట్టే మోసాలు పెరిగాక, ఆ రాష్ట్ర ప్రభుత్వం 2018 మార్చి 1 నుంచి పిలవకుండా గుమ్మం ముందుకొచ్చి హీటర్ల ఒప్పందాలు రాయించుకోవడాన్ని నిషేధించింది. ఇలాంటి అద్దె వస్తువుల పేరుతో ఇంటి పత్రాల మీద హక్కు నమోదు చేసే పద్ధతిని 2024 జూన్ 6 నుంచి రద్దు చేసింది. అంత చలి దేశంలో, ఏడాది పొడుగునా వేడినీళ్లు లేకపోతే గడవని చోట, మరమ్మతులు కలిపి ఇచ్చే అద్దె మీదే ఇన్ని గొడవలైతే, నాలుగు నెలల చలికాలం ఉన్న చోట మరమ్మతులు లేని అద్దెను ఏమనాలి?

పక్కనే చూడండి. మన వీధి దాటితే 31 హెక్టార్లలో కట్టిన కొత్త ముషైరిబ్. 2010లో పనులు మొదలై పాత ఇళ్లు, పాత దుకాణాలు, వాటితో పాటు మనలాంటి వాళ్లు అద్దెకుండే గదులెన్నో పోయి లేచిన నగరం అది. దోహాలో మొదట కరెంటు దీపాలు వెలిగిన వీధి ఆ చుట్టుపక్కలదే. 2019లో మెట్రో వచ్చి మూడు లైన్లూ అక్కడే కలిశాయి. ఆ భవనాల కప్పుల మీద ఎండతో నీళ్లు కాచే ఏర్పాట్లు ఉన్నాయి. మనకూ అవన్నీ పెట్టమని అడగడం లేదు. కప్పు మీది ట్యాంకుకు నీడ కల్పించమని మాత్రం అడుగుతున్నాం. జూన్‌లో మా ట్యాంకే ఉచితంగా నీళ్లు కాచి పెడుతోంది, ఎవరూ అడగకుండానే.

జీతాల సంగతి ఒక్క మాటలో చెప్పి ముగిస్తాం. 2021 మార్చి నుంచి ఇక్కడ కనీస వేతనం 1000 రియాళ్లు. కంపెనీ వసతి ఇవ్వకపోతే దాని కోసం నెలకు 500, భోజనం ఇవ్వకపోతే 300. మా భవనంలో ఆ 500తో గదిలో మంచం చూసుకున్నవాళ్లు ఉన్నారు. ‘ఆరుగురికి పంచితే తలకు ఆరు రియాళ్లే కదా’ అని మీ ఆఫీసులో ఒకాయన అన్నారట. హీటరుకు ఆరు ఇస్తే రేపు ఏసీకి ఇరవై, ఎల్లుండి లిఫ్టుకు పది. నోటీసు అంటించే చోటు లిఫ్టు పక్కన ఇంకా చాలానే ఉంది.

ఇక మా కోరికలు.

అన్నిటికంటే ముఖ్యమైనది, హీటరు ఇంటి అద్దెలో భాగమని కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుని నెల అద్దె నోటీసును రద్దు చేయాలి. ఇది కాకుండా మిగతావన్నీ ఇచ్చినా మాకు తృప్తి ఉండదు.

పాడైన హీటరు చెప్పిన మూడు రోజుల్లో బాగుచేయాలి లేదా మార్చాలి. ట్యాంకు కారుతున్నా, షాక్ కొడుతున్నా అదే రోజు స్విచ్ కట్టేయించి, మరుసటి రోజుకల్లా కొత్తది పెట్టాలి. కొత్తగా పెట్టే హీటర్లకు గల్ఫ్ దేశాల జి-మార్క్ భద్రతా ముద్ర ఉండాలి, లోపల ఎనామెల్ పూత ఉండాలి. ఆరుగురు, అంతకు మించి ఉండే ఫ్లాట్లకు 50 లీటర్లు చాలవు, 80 లీటర్లవి పెట్టాలి. ఆ ఖర్చు మా రాడ్డుల ప్రమాదం కంటే చాలా చిన్నది.

ప్రతి ఫ్లాటు బాత్రూం లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకరు ఉందో లేదో, ఎర్త్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, ఫ్లాటు వారీగా చీటీ రాసివ్వాలి. లేనిచోట వెంటనే పెట్టించాలి. హీటర్ల సంగతి తేలడానికి కంపెనీ వారం తీసుకున్నా పర్వాలేదు, ఈ పని మాత్రం ఆ వారంలోపే మొదలు కావాలి.

ఏడాదికోసారి, నవంబరులో, హీటర్లను ఖాళీ చేసి కడిగించాలి. ఎండాకాలమంతా స్విచ్ వేయని ట్యాంకులో కాగని నీళ్లు నిలవ ఉంటాయి. ఇరవై నుంచి నలభై అయిదు డిగ్రీల మధ్య నిలవ నీళ్లలోనే లీజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. ఆ నీటి తుంపర్లు పీల్చితే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. చలికాలం మొదట్లో ట్యాంకు ఖాళీ చేసి, కొత్త నీళ్లను అరవై డిగ్రీల దాకా కాచి వాడితే ఆ భయం పోతుంది. లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిందేమో కూడా అప్పుడే చూడాలి. తుప్పు ముందు ఆ కడ్డీని తింటుంది, అది అయిపోయాక ట్యాంకును తింటుంది. ఇరవై ముప్ఫై రియాళ్ల కడ్డీ మార్చక నాలుగు వందల హీటరు పోగొట్టుకుని, ఆ నష్టాన్ని మా మీద అద్దెగా రుద్దడం న్యాయం కాదు. కప్పు మీది ట్యాంకు కడగడం, దానికి నీడ వేయడం కూడా ఇందులోనే చేర్చండి.

ఇప్పటికే సొంత డబ్బుతో హీటరు కొనుక్కున్న ఫ్లాట్లు కొన్ని ఉన్నాయి. వాళ్లకు రెండింట్లో ఒకటి ఇవ్వాలి: రసీదు చూసి ఆ మొత్తం అద్దెలో తగ్గించడం, లేదా ఖాళీ చేసేటప్పుడు హీటరు తీసుకెళ్లడానికి ఒప్పుకుంటూ కాగితం. ఉద్యోగం మారినవాడు, ఊరికి పోయేవాడు ఇక్కడ రేపో మాపో ఖాళీ చేసేవాడే. గోడకు వదిలేసి పొమ్మనడం కొనుగోలు కాదు, దానం.

ఒకవేళ, మా మొదటి కోరికకు కంపెనీ ఎంతకీ దిగిరాకపోతే, అద్దె పద్ధతికి మేం ఒప్పుకునే షరతులు ముందే చెబుతున్నాం. వాడే నాలుగు నెలలకే అద్దె. మరమ్మతులు, మార్పిడి అన్నీ కంపెనీవే. కట్టిన మొత్తం హీటరు ధరకు సమానమైన రోజు అద్దె ఆగిపోవాలి, హీటరు ఆ ఫ్లాటుదని రాసివ్వాలి. ఈ షరతులతో నెలకు 35 అడిగినా మాలో చాలామంది కాదనరు. అలా అయితే నాలుగు నెలలకు 140, మూడేళ్లలో కంపెనీ సొమ్ము కంపెనీకి చేరుతుంది. అయినా మా మొదటి కోరికే మాకు ఇష్టం, అది గుర్తుంచుకోవాలి.

మా వైపు నుంచి ఒప్పుకునేవి కూడా రాస్తున్నాం. యాభై రియాళ్లలోపు చిల్లర మరమ్మతులు మేమే పెట్టుకుంటాం. మా అజాగ్రత్తతో పగిలినా, కాలినా పూర్తి ఖర్చు మాదే. ఫ్లాటు ఖాళీగా ఉన్న రోజుల్లో స్విచ్ తీస్తాం. బ్రేకర్లు పెట్టి హీటర్లు బాగుచేసిన తర్వాత ఏ ఫ్లాటులోనూ బకెట్టు రాడ్డు ఉండకుండా మేమే చూసుకుంటాం. ఇది మాలో మేం మాట్లాడుకుని తీర్మానించుకున్నది, మీరు వచ్చి తనిఖీ చేసుకోవచ్చు.

డిసెంబరు 10లోగా రాతలో సమాధానం ఇవ్వమని కోరుతున్నాం. సమాధానం రాకపోయినా, నోటీసు అలాగే ఉన్నా, ఒప్పందం కాగితాలు, సామాను జాబితాలు పట్టుకుని అద్దె వివాదాల పరిష్కార కమిటీకి వెళతాం. జనవరి చెక్కులు ఇంటి అద్దె మొత్తానికే రాస్తాం, హీటరు సొమ్ము కలపం. చెక్కు వెనక్కి కొట్టించడం గానీ, అద్దె ఆపడం గానీ చేయం. తగవు హీటరు మీదే.

మీరు మధ్యలో ఉన్నవారని, నోటీసు మీరు సొంతంగా రాసింది కాదని మాకు తెలుసు. పై వాళ్లకు ఈ లెక్క వినిపించగలిగేది మీరే కాబట్టి మీకు రాశాం. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత ఎప్పుడు రమ్మన్నా మాలో అయిదుగురం వచ్చి మాట్లాడతాం.

ఇట్లు,
పాత ముషైరిబ్ భవనం అద్దెదారులు
(సంతకాలు విడి కాగితం మీద, ఫ్లాటు నంబర్లతో)

జత: అరబిక్, ఇంగ్లిష్ ప్రతులు, సామాను జాబితాల నకళ్లు, సొంతంగా కొన్న హీటర్ల రసీదులు.

మనవి: రెండో అంతస్తులో మెట్ల పక్క ఫ్లాటులో హీటరు కింది నుంచి నీళ్లు స్విచ్ బోర్డు మీదికి కారుతున్నాయి. లైను మేమే కట్టేశాం. పై కోరికలకు సమాధానం ఎప్పుడిచ్చినా, ఆ ఒక్క ఫ్లాటుకు ఎలక్ట్రీషియన్‌ను మాత్రం రేపే పంపండి.